ఓడ నిర్మాణం: కీల్ నుంచి పైకా, బ్లాకులుగానా?

ఉద్దానం నుంచి వెల్డర్లుగా, ఫిట్టర్లుగా ఓడల కర్మాగారాలకు వెళ్లే శ్రీకాకుళం యువకులు నేడు చేసే పని, 1948లో విశాఖపట్నంలో ‘జల ఉష’ ఓడ నీటిలోకి దిగిన కాలంనాటి పనికి చాలా భిన్నమైనది. పాత పద్ధతిలో ఓడను నీటిలోకి జార్చేందుకు వాలుగా కట్టిన స్లిప్‌వే మీద ముందు కీల్‌ను, అంటే ఓడ అడుగున వెన్నెముకలాంటి దూలాన్ని, పరచి, దానిపై పక్కటెముకల్లాంటి ఫ్రేములను నిలిపి, ఉక్కు పలకలను రివెట్లతో (రెండు వైపులా తల ఉండే లోహపు మేకులతో) బిగించేవారు. పైపులు, యంత్రాల అమరిక చాలావరకు ఆ తరువాతే జరిగేది.

బ్లాకుల పద్ధతిలో ఓడను భాగాలుగా విడదీసి, షెడ్లలో ఏకకాలంలో కట్టి, పైపులను కూడా వీలైనంతవరకు అక్కడే అమర్చి, భారీ క్రేన్లతో డ్రైడాక్‌లోకి (నీరు తోడేసిన ఓడల గుంటలోకి) దించి వెల్డింగ్‌తో కలుపుతారు. బ్లాకును తలకిందులుగా తిప్పి ఉంచగలగడం వల్ల, తలపైకి చేతులెత్తి చేయవలసిన కష్టమైన వెల్డింగ్ బాగా తగ్గుతుంది. కార్మికుడి వైపు నుంచి చూస్తే, నా దృష్టిలో, అసలు లాభం ఇదే.

అయితే వెల్డింగ్ వేడి చల్లారేటప్పుడు ఉక్కు ముడుచుకుంటుంది కనుక, ఆ తగ్గుదలను ముందే లెక్కించకపోతే బ్లాకుల అంచులు కలవవు. రివెట్ల ఓడలో పగులు సాధారణంగా పలక అంచు దగ్గర ఆగుతుంది, వెల్డింగ్ ఓడలో ఆగకుండా సాగిపోగలదు. 1943 జనవరిలో అమెరికాలో వెల్డింగ్‌తో కట్టిన ‘స్కెనెక్టడీ’ అనే చమురు ట్యాంకరు ఓడ రేవులో నిలిచి ఉండగానే విరిగింది. చలికి పెళుసుబారని ఉక్కు వచ్చాక ఆ భయం చాలావరకు తగ్గింది.

పెద్ద ఓడలకు బ్లాకుల పద్ధతే మేలు. భారీ క్రేన్లు లేని చిన్న యార్డులో, ఒకటి రెండు చిన్న నౌకల కోసమైతే, రివెట్లను వదిలి, వెల్డింగ్‌తోనే కీల్ నుంచి పైకి కట్టుకుంటూ పోవడమే చవక.