పేరిణి చూద్దామని పోతే సన్మానాలు చూపించారు

డెబ్బై నిమిషాలు. వాచీ చూసి మరీ చెప్తున్నా. ఒక పేరిణి డ్యాన్స్ బృందం ఇరవై అయిదేళ్లు నిండాయని పండగ చేసుకుంటూ, పాసు పెట్టి జనాన్ని పిలిచి, రెండో రోజు సాయంత్రం స్టేజీ మీద శాలువాలు కప్పడానికే అంతసేపు పట్టింది. ఆ సేపంతా పక్క తెర వెనక పిల్లలు గజ్జెలు కట్టుకుని నిలబడే ఉన్నారు, మేం కూర్చున్న మూల నుంచి వాళ్ల కాళ్లు కనబడుతూనే ఉన్నాయి. చివరికి కోత పడింది కూడా వాళ్లకే. బృందం మీద నాకు ఒక్క ఫిర్యాదు కూడా లేదు, వాళ్లు ప్రాణం పెట్టి ఆడారు. నా కోపమంతా నిర్వాహకుల మీద, ఆ తర్వాత మేం దిగిన లాడ్జి మీద.

మాది గోదావరిఖని. హన్మకొండలో మూడు సాయంత్రాలు పేరిణి ఉత్సవం, మొదటి రోజు పాతవి, రెండో రోజు కొత్త బ్యాలేలు, మూడో రోజు రెండూ కలిపి అని మా మరదలు వాట్సాప్‌లో పోస్టర్ పంపింది. కొత్తవాటిలో ఒకటి బొగ్గుబాయి మీద అని ఉండేసరికి మా బాపును కూడా బయలుదేరదీశాం. బాపు సింగరేణిలో బొగ్గు ఎత్తి నింపే కోల్‌ఫిల్లర్‌గా చేసి రిటైరైన మనిషి. "డ్యాన్సుల బాయిని ఏం చూపెడ్తరురా" అన్నాడు గానీ, ఇస్త్రీ చొక్కా వేసుకుని అందరికంటే ముందు గుమ్మంలో నిలబడింది ఆయనే. రామగుండంలో భాగ్యనగర్ ఎక్కి కాజీపేటలో దిగాం. రైలు గురించి చెప్పడానికి ఏమీ లేదు, సీట్లు దొరికాయి. స్టేషన్ ముందు ఆటోవాడు హన్మకొండ చౌరస్తాకు రూ.300 అడిగి 180కి దిగాడు. నాలుగడుగులు వేసి మెయిన్ రోడ్డు మీదికి వస్తే షేర్ ఆటోలు బోలెడు, సామాను తక్కువైతే అవే ఎక్కండి.

ఇక లాడ్జి. బస్టాండుకు దగ్గర, ఫొటోల్లో తెల్లటి దుప్పట్లు, ఆన్‌లైన్‌లో రాత్రికి రూ.1,800. కౌంటర్ దగ్గరికి పోగానే లెక్క మారిపోయింది. ఏసీ వేసుకుంటే 400 ఎక్కువ, నలుగురు ఉన్నారు కాబట్టి ఎక్స్‌ట్రా పరుపుకు 300, పైగా డిపాజిట్ 500. "ఏసీ రూమే కదా బుక్ చేసింది?" అంటే, "రూమ్ ఏసీదే సార్, రిమోట్‌కు వేరే" అన్నాడు. నవ్వకుండా అన్నాడు, అది ఇంకా మండింది. బాత్రూం గొళ్లెం పట్టదు, లోపలున్నవాళ్లు తలుపుకు బకెట్ అడ్డం పెట్టుకోవాలి. వేడినీళ్లు పొద్దున 6 నుంచి 8 దాకా అని గోడ మీద కాగితం, వచ్చేది మాత్రం ఆరుంబావు నుంచి ఆరున్నర దాకా. ఫిబ్రవరి నెల, పెళ్లిళ్ల సీజను, కిటికీ కింద బరాత్ రాత్రి పన్నెండున్నర దాకా సాగింది. పాపం అది వాళ్ల పెళ్లి, వాళ్లనేం అంటాం. మా ఆవిడ మాత్రం రూమ్‌లోకి అడుగు పెట్టినప్పటి నుంచి ఒక్క మాట మాట్లాడలేదు, సంచిలోంచి ఇంటి దుప్పటి తీసి పరుపు మీద పరిచింది. ఆమె తిట్టి ఉంటే నయం.

మొదటి రోజు సాయంత్రం అంతా బాగా జరిగింది. రూ.300 డోనర్ పాసులు కొన్నాం. ముందు నాలుగు వరుసలు వీఐపీలకని తాడు కట్టి ఉంచారు, అవి సగం ఖాళీగానే మిగిలాయి. దాన్ని పక్కన పెడితే, గణపతి కౌత్వం, పేరిణి శివతాండవం, ఆడపిల్లలు చేసిన పేరిణి లాస్యం, రుద్రమదేవి మీద వాళ్ల పాత బ్యాలే, అన్నీ చెప్పిన వరుసలోనే అయ్యాయి. పేరిణి ఇంతకుముందు చూడనివాళ్ల కోసం ఒక మాట. కూచిపూడిలోలాగా ఇందులో కథ, అభినయం మీద అంత భారం ఉండదు, అడుగూ దరువే ముఖ్యం. కాకతీయుల సైనికులు యుద్ధానికి పోయేముందు శివుణ్ణి తలచుకుని ఆడేవారని చెప్తారు. పన్నెండుగురు మగపిల్లలు ఒక్కసారి మడమ దించితే మన కుర్చీ కాళ్లకు తెలుస్తుంది. నాకు అన్నింటికంటే నచ్చింది ఘర్ఘరం అనే భాగం. అది గజ్జెలతో చేసే పని. కాలు ఎత్తీ ఎత్తనట్టు కదుపుతూ వందల గజ్జెల్లోంచి సన్నటి గలగల తెప్పిస్తాడు, మద్దెల ఆగిపోతుంది, తర్వాత అదే కాలితో వాన కొట్టినట్టు దంచుతాడు. మావాడికి పదేళ్లు, ఫోన్ అడగకుండా గంటన్నర కూర్చున్నాడు. బాపు మాత్రం సగం నిద్రపోయాడు.

మర్నాడు పొద్దున్నే కారు మాట్లాడుకుని రామప్ప గుడికి పోయాం. హన్మకొండ నుంచి ఆ గుడి ఉన్న పాలంపేట 65-70 కిలోమీటర్లు, రానూపోనూ రూ.2,800. లక్నవరం చెరువు కూడా చూపిస్తే 3,400 అన్నాడు, సాయంత్రం ప్రోగ్రాం ఉందని వద్దన్నాం. ఆడవాళ్లు మాత్రమే వెళ్తుంటే ములుగు దాకా ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్ ఎక్కండి, తెలంగాణ ఆధార్ చూపిస్తే జీరో టికెట్టు, అక్కడి నుంచి ఆటో.

గైడ్ రూ.400 అడిగాడు. గైడ్లంటే నాకు పెద్దగా పడదు గానీ ఇతను వేరే రకం. నీళ్లలో తేలే ఇటుకలు, ఇసుక పునాది, తడితే స్వరాలు పలికే కృష్ణుడి బొమ్మ, ఇవన్నీ గబగబా ముగించి, "మీరు నిన్న పేరిణి చూసిన్రు కదా సార్, ఇటు రాండ్రి" అని లోపలి స్తంభాల దగ్గరికి తీసుకుపోయాడు. నల్లరాతి మీద జానెడు ఎత్తు నాట్యగాళ్లు వరసగా ఉన్నారు, మోకాళ్లు వంచి, ఒక కాలు వెనక్కి విసిరి, పక్కనే మద్దెల వాయించేవాడు మెడ తిప్పి వాళ్ల అడుగులే చూస్తున్నాడు. రాత్రి స్టేజీ మీద చూసిన భంగిమే అది, మావాడు వెంటనే గుర్తుపట్టి అక్కడే అలా నిలబడ్డాడు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి ఇది, 2021లో యునెస్కో జాబితాకెక్కింది, అంతవరకు అందరికీ తెలుసు. మధ్యలో మరుగున పడిపోయిన నాట్యాన్ని ఈ శిల్పాలనూ, జాయప సేనాని రాసిన ‘నృత్త రత్నావళి’నీ పక్కపక్కన పెట్టుకుని నటరాజ రామకృష్ణ మళ్లీ నిలబెట్టారనీ, 1985 శివరాత్రికి ఈ గుడి దగ్గరే పేరిణి ఆడించారనీ గైడ్ చెప్పాడు. జాయప గణపతిదేవుడి ఏనుగుల దండుకు అధిపతి. ఏనుగులను నడిపే మనిషి కూర్చుని నాట్యం మీద ఎనిమిది అధ్యాయాలు సంస్కృతంలో రాశాడు. రాత్రి మనకు తాడు కట్టిన వీఐపీ వరుసల్లో అలాంటి ఆఫీసరు ఒక్కరున్నా బాగుండేది.

ఉత్సవానికి వచ్చేవాళ్లకు నా సలహా, రామప్ప ముందు చూసి డ్యాన్స్ తర్వాత చూడండి, రెట్టింపు అర్థమవుతుంది.

తిరుగుదారిలో ఆకలికి డ్రైవర్ ఒక రేకుల షెడ్డు ముందు ఆపాడు. బోర్డు లేదు. ఒకామె కట్టెల పొయ్యి మీద వండుతోంది. చెరువు చేప పులుసు, జొన్నరొట్టె, పచ్చిపులుసు, ప్లేటు రూ.130. పులుసు అడిగితే మళ్లీ పోసింది, దానికి డబ్బు తీసుకోలేదు. "ముల్లు జాగ్రత్త బిడ్డా" అని మావాడి పక్కన కూర్చుని తనే చేప విప్పి పెట్టింది. చింతపులుసు మరీ పుల్లగా లేదు, మెంతుల వాసన తెలిసీ తెలియనట్టుంది. రాత్రి నుంచి బిగుసుకుపోయిన మా ఆవిడ అక్కడ నోరు విప్పింది, పులుసులో మెంతిపొడి ఎప్పుడు వేస్తారో అడిగి తెలుసుకుని వచ్చింది. బాపు మూడు రొట్టెలు తిన్నాడు. ఈ ప్రయాణంలో మేం పెట్టిన ఏ డబ్బుకూ ఇంత విలువ రాలేదు.

ఇప్పుడు ఆ రెండో సాయంత్రం. ఆరింటికి అన్నారు, ఆరూనలభైకి మొదలుపెట్టారు, ముఖ్య అతిథి దారిలో ఉన్నారట. జ్యోతి ప్రజ్వలన, దానికి అయిదుగురు, అగ్గిపుల్ల అయిదుసార్లు ఆరింది. తర్వాత ఒక్కొక్కర్నీ వేదిక మీదికి పిలవడం, పుష్పగుచ్ఛం, శాలువా, మెమెంటో, ఫొటో. మాట్లాడినవాళ్లలో ఇద్దరు పేరిణి అన్న మాటే ఎత్తలేదు. అవన్నీ అయ్యాక సమ్మక్క సారలమ్మ మీద కొత్త బ్యాలే, అది బాగానే ఉంది, కాస్త రంగుల లైట్లు ఎక్కువ. ఆ తర్వాత మేం వచ్చింది దేనికోసమో ఆ బాయి బ్యాలే మొదలైంది.

చీకటి స్టేజీ, నెత్తిన క్యాప్ ల్యాంపులు పెట్టుకున్న ఎనిమిదిమంది, సైరను. హాజరు వేసే మస్టర్ దగ్గర నిలబడటం, ల్యాంప్ రూమ్, లోపలికి దిగడం, అంతా పేరిణి అడుగుల్లోనే. ఒకడు కర్ర ఎత్తి పైకప్పును తట్టినట్టు చేస్తాడు, మద్దెల ఖంగుమంటుంది. రెండడుగులు వేసి మళ్లీ తడతాడు, మళ్లీ ఖంగుమంటుంది. మూడోసారి బొద్దుమని మొద్దు శబ్దం. అందరి పాదాలూ ఒక్కసారి ఆగిపోయాయి, గజ్జె చప్పుడు కూడా లేదు. బాయిలో పని చేసినవాళ్లకు అదేమిటో తెలుసు, పైన బండ గట్టిగా ఉంటే మోగుతుంది, వదులైతే మోగదు. బాపు ముందు కుర్చీ వీపు పట్టుకుని లేచి నిలబడ్డాడు. వెనకవాళ్లు కూర్చో పెద్దాయనా అంటున్నా వినలేదు.

సరిగ్గా అక్కడ యాంకర్ మైకు పట్టుకుని వచ్చింది. "సమయాభావం వల్ల ఈ అంశాన్ని ఇంతటితో..." అంటూ. హాలు పది గంటలకు అప్పగించాలట. ఆ తర్వాత కూడా కళాకారులకు సర్టిఫికెట్లు ఇవ్వడానికి ఓ పదిహేను నిమిషాలు దొరికాయి! నేను పోయి నిర్వాహకుల్లో ఒకాయన్ను అడిగితే, "దాతలు లేకుంటే ప్రోగ్రామే లేదు సార్, మీరే అర్థం చేసుకోవాలి" అన్నాడు. నేనూ 300 పెట్టి డోనర్ పాసు కొన్నవాణ్ణే కదా అంటే జవాబు లేదు.

తెల్లారి ఊరికి పోదామనుకున్నాం. బాపు కదలనన్నాడు. "మిగిలింది చూసినంకనే" అని మంచం మీద కూర్చున్నాడు. లాడ్జివాణ్ణి ఇంకో రాత్రి అడిగితే ముహూర్తాలున్నాయి, 2,600 అన్నాడు. ఇరవై నాలుగు గంటల చెకౌట్ అని రాసి పెట్టి పొద్దున తొమ్మిదికే తలుపు కొట్టిన మనిషి. సామాను తీసుకుని కాజీపేట వైపు ఇంకో లాడ్జికి మారాం, నాన్ ఏసీ రూ.1,200, ఫొటోలు అంత అందంగా ఉండవు గానీ గది శుభ్రం, గొళ్లెం పడుతుంది, బాపు మోకాళ్లకని అడిగితే కుర్రాడు బకెట్ వేడినీళ్లు పైకి మోసుకొచ్చాడు. తర్వాత వేయిస్తంభాల గుడి చూశాం, 2024లో మళ్లీ తెరిచిన కల్యాణ మండపం చల్లగా ఉంది. వరంగల్ కోట తోరణాల దగ్గర ఎండ, ఫొటోలు దిగి వచ్చేశాం.

టీ కొట్టు దగ్గర ఆ బృందంలోని కుర్రాళ్లు కనబడ్డారు. బాపు నేరుగా పోయి "నిన్నటి ఆటల బండ కూలిందా, లేదా?" అని అడిగాడు. వాళ్లు ముందు నవ్వి, ఆయన బాయిలో చేశాడని తెలిశాక మధ్యాహ్నం రిహార్సల్‌కు రమ్మన్నారు. లైట్లు లేవు, వేషాలు లేవు, నిక్కర్లూ టీషర్టులే. మైకు కూడా లేకపోవడంతో పాదం నేల మీద పడే చప్పుడు అసలు స్వరూపంలో వినబడింది. ముప్పై అయిదు నిమిషాలు మొత్తం ఆడారు. బండ కూలుతుంది, అందరూ బయటపడతారు, తర్వాత తట్టలతో బొగ్గు ఎత్తే పని మళ్లీ మొదలవుతుంది, దరువు అంతకంతకూ పెరుగుతుంది, అదే ముగింపు. నేను చూసిన కొత్త బ్యాలేల్లో ఇంత బలమైనది లేదు.

అయిపోగానే బాపు లేచి, "చెమ్మాస్ గట్ల పడ్తే నడుం ఇర్గుతది" అని ఒక కుర్రాడి చేతిలోని చెమ్మాస్, అంటే బొగ్గు ఎత్తే పార, తీసుకుని, మోకాలు ఆనించి ఎలా తోయాలో చూపించాడు. వాళ్ల గురువుగారు రెండుసార్లు చేయించుకుని, సాయంత్రం ఆ అడుగు అలాగే పెట్టించారు. ముగింపు రోజు శాలువాలు నలభై నిమిషాలతో సరిపోయాయి, బ్యాలే పూర్తిగా ఆడారు, కానీ మధ్యాహ్నం చూసినదానికే నా ఓటు.

నలుగురికి అన్నీ కలిపి రూ.13,800 అయింది. వేరే ఊళ్లలోనూ ఆడతారని విన్నాను, దొరికితే వదలకండి. ప్రోగ్రాం ఆరింటికి అని వేస్తే మీరు ఏడున్నరకు పోండి. ఆ మొదటి లాడ్జివాడు డిపాజిట్ 500 ‘అకౌంట్‌లో పడుతుంది సార్’ అన్నాడు, మూడు వారాలైంది, ఇప్పుడు నా నంబరు చూస్తే ఫోన్ ఎత్తడం లేదు, మా ఆవిడ నంబరు నుంచి చేయాలి.