ప్రాగ్ ఓల్డ్ టౌన్ స్క్వేర్: డబ్బు అక్కడ మార్చకండి, గడియారం మాత్రం తప్పక చూడండి

చెక్ రాజధాని ప్రాగ్ వెళ్లినవాళ్ల జేబుకు ఎక్కువగా చిల్లు పడేది ఈ చౌక్ చుట్టుపక్కలే. "కమిషన్ లేదు" అన్న బోర్డును నమ్మొద్దు, కోత రేటులోనే ఉంటుంది. అక్కడి డబ్బు కొరూనా. యూరోలు చేతికివ్వక ముందే "మొత్తం ఎన్ని కొరూనాలు ఇస్తారు?" అని అడిగి అంకె రాయించుకోండి. మోసపోయామని తర్వాత తెలిసినా దారుంది: 2019లో వచ్చిన చట్ట సవరణ ప్రకారం 1,000 యూరోల లోపు మార్పిడిని మూడు గంటల్లోపు, కారణం చెప్పకుండానే రద్దు చేసుకోవచ్చు. రసీదు పారేయకండి.

రోడ్డు మీద "మంచి రేటిస్తా" అంటూ వచ్చేవాడితో అసలు మాటే కలపొద్దు. అలాంటివాళ్లు హంగరీ ఫోరింట్లో, చెల్లని బెలారస్ రూబుళ్లో అంటగట్టి పోతారు. అసలు వెయ్యి కొరూనాల నోటు మీద చరిత్రకారుడు పలాట్స్కీ, 500 మీద రచయిత్రి బొజెనా నెమ్‌త్సొవా ఉంటారు. ఏటీఎం "మీ కరెన్సీలోకి మార్చమంటారా?" అంటే వద్దనే నొక్కండి.

తిండి బండ్ల దగ్గర హామ్ (పంది తొడ మాంసం) ధర 100 గ్రాములకు రాస్తారు. బోర్డు మీద 99 ఉండి, వాళ్లు 400 గ్రాముల ముక్క కోస్తే బిల్లు 396. "150 గ్రాములు చాలు" అని కోయకముందే చెప్పాలి. కడ్డీకి చుట్టి కాల్చే త్రదెల్నీక్ అనే తీపి రొట్టె ప్రాగ్ పాత వంటకమేమీ కాదు, పర్యాటకుల కోసం ఈమధ్య వెలిసిందే.

ఇక గడియారం. చౌక్‌లోని పాత టౌన్‌హాల్ టవర్ గోడకు ఉంటుంది, 1410లో కదాన్ ఊరి మికులాష్ చేసింది. కట్టినవాడి కళ్లు పీకేశారని గైడ్లు చెప్పేది కట్టుకథ. ఉదయం 9 నుంచి రాత్రి 11 వరకు ప్రతి గంటకూ బొమ్మలు కదులుతాయి, అదీ నిమిషం లోపే. అందరూ పైకిటికీల్లో కదిలే అపొస్తలుల (యేసు శిష్యుల) బొమ్మల వైపే చూస్తుంటారు. మీరు ముందు కింద కుడివైపున్న అస్థిపంజరాన్ని చూడండి: తాడు లాగి గంట కొట్టేది అదే. చివర్లో పైన కోడి కూస్తుంది. ఆ గుంపులో బ్యాగు ముందుకు వేసుకోండి, జేబుదొంగలకు అదే అదను. బయటి వలయంలోని బంగారు అంకెలు పాత చెక్ కాలం చూపిస్తాయి, అందులో రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. అది అర్థమయ్యాక గడియారాన్ని వదిలి రాబుద్ధి కాదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉన్నా టవర్ ఎక్కొచ్చు, లిఫ్టుంది.

టౌన్‌హాల్‌కు తూర్పున నేల మీద 27 తెల్లరాతి శిలువలున్నాయి. అప్పట్లో ఇక్కడ ఏలిన హాబ్స్‌బర్గ్ వంశపు చక్రవర్తిపై తిరగబడిన 27 మందిని 1621 జూన్ 21న చంపింది ఇక్కడే. చాలామంది చూడకుండా తొక్కుకుంటూ పోతారు. కాస్త పక్కకు జరిగి నడవండి.

టీన్ చర్చి జంట శిఖరాలు చౌక్ అంతటికీ కనిపిస్తాయి, గుమ్మం మాత్రం దొరకదు, ముందు ఇళ్లు అడ్డం. వాటి కింది కమానుల్లోంచి వెళ్లాలి. లోపల ఎర్ర పాలరాతి పలక మీద కవచం తొడిగిన మనిషి కనిపిస్తే, అదే ఖగోళ శాస్త్రవేత్త టైకో బ్రాహీ సమాధి.