ఆక్టేవియా ఆర్ఎస్‌కి ఏది మేలు: రీమ్యాపా, ట్యూనింగ్ బాక్సా, ఇంకో ఈసీయూనా?

సెకండ్ హ్యాండ్‌లో స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ 230 కొన్నవాళ్లు నెల తిరక్కుండానే అడిగే ప్రశ్న ఒకటే. బండి దాదాపు స్టాకే (కంపెనీ నుంచి వచ్చినట్టే), మహా అయితే ఎయిర్ ఫిల్టర్ మార్చి ఉంటారు. ఇప్పుడు ఈసీయూని, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌ని, రీమ్యాప్ చేయించాలా (అందులోని ప్రోగ్రామ్ తిరగరాయించాలా), ట్యూనింగ్ బాక్స్ తగిలిస్తే చాలా, లేక ప్రోగ్రామ్ చేసిన ఇంకో ఈసీయూ కొని పెట్టించుకోవాలా? అందరికీ కలిపి ఒకచోటే జవాబు రాస్తున్నాను.

2017లో మన దేశానికి ఈ 230లు 500 వచ్చాయి. 230 పీఎస్ పవర్, 350 ఎన్ఎం టార్క్ (తిప్పే బలం), ఆరు గేర్ల డీఎస్‌జీ. డీఎస్‌జీ అంటే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్; ఇందులోది డీక్యూ250, క్లచ్‌లు ఆయిల్‌లో మునిగి ఉండే వెట్ క్లచ్ రకం. ఈ 2.0 టీఎస్ఐ టర్బో పెట్రోలు ఇంజిన్‌లో కంపెనీ వాడకుండా వదిలిన బలం చాలా ఉంది. ఒక్క పార్టూ మార్చకుండా, మంచి ఆక్టేన్ పెట్రోలు మీద స్టేజ్ 1 (ప్రోగ్రామ్ మాత్రమే మార్చే ట్యూనింగ్)తో 290 నుంచి 300 పీఎస్, 400 ఎన్ఎం పైన వస్తుందని ట్యూనర్లు చెబుతారు. ఇంజిన్ దాన్ని మోస్తుంది. నేను చూసేది గేర్‌బాక్స్‌ని. చాలామంది బేరం దగ్గర ఆగిపోయి దీన్ని అడగరు.

యాక్సిలరేటర్ తొక్కగానే ఈ కారు ఈసీయూ ముందుగా లెక్కగట్టేది టార్క్. డ్రైవర్ ఇంత టార్క్ అడిగాడు, దానికి ఇంత గాలి కావాలి, టర్బో ఇంత బూస్ట్ (గాలి ఒత్తిడి) ఇవ్వాలి, స్పార్క్ ఇన్ని డిగ్రీల ముందు పడాలి: వరస ఇది. ఇంజిన్ ఆ క్షణాన ఎంత టార్క్ ఇస్తోందో ఆ అంకెను క్యాన్ లైన్ (కారులో కంప్యూటర్లు మాట్లాడుకునే వైరు) మీదుగా గేర్‌బాక్స్ కంప్యూటర్‌కి, అంటే టీసీయూకి, ఎప్పటికప్పుడు పంపుతుంది. క్లచ్ ప్లేట్లను ఎంత ఆయిల్ ప్రెషర్‌తో నొక్కిపట్టాలో టీసీయూ ప్రధానంగా ఆ అంకెను బట్టే నిర్ణయిస్తుంది.

ట్యూనింగ్ బాక్స్ బూస్ట్ సెన్సర్ వైరు మధ్యలో కూర్చుని, ఉన్న ప్రెషర్ కంటే తక్కువ చూపిస్తుంది. తగ్గిందనుకుని ఈసీయూ బూస్ట్ పెంచుతుంది. చక్రాలకు అదనపు బలం అందే మాట నిజమే. కానీ ఈసీయూ లెక్కలో టార్క్ ఇంకా 350 దగ్గరే ఉంటుంది, టీసీయూకి వెళ్లే అంకె కూడా అదే. అసలు టార్క్ 400కి చేరినా క్లచ్ మీద పట్టు మాత్రం 350కి తగ్గట్టే పడుతుంది. కంపెనీ కొంత మార్జిన్ పెట్టే ఉంటుంది, జారడం పసిగడితే టీసీయూ ప్రెషర్ పెంచి సర్దుకుంటుంది కూడా. అందుకే మొదట్లో ఏ తేడా తెలియదు. మూడో గేర్‌లో, తక్కువ ఆర్పీఎం నుంచి ఫుల్ థ్రాటిల్ కొట్టిన ప్రతిసారీ ప్లేట్లు కొంచెం కొంచెం జారి వేడెక్కుతాయి. అరిగిన పొడి ఆయిల్‌లో కలుస్తుంది, అదే ఆయిల్ గేర్లు, క్లచ్‌లను నడిపే మెకట్రానిక్ యూనిట్‌లోనూ తిరుగుతుంది. ఇంకా ఖరీదైన బాక్సులు మరికొన్ని సెన్సర్లు చదువుతాయి, పవర్ సాఫీగా ఇస్తాయి. అయినా గేర్‌బాక్స్‌కి చేరే అంకె సరికావడం నాకైతే కనబడలేదు.

స్పార్క్ సంగతీ ఇలాంటిదే. లోడ్ తక్కువనుకున్న ఈసీయూ ఆ తక్కువ లోడ్‌కి తగ్గ టైమింగే ఇస్తుంది. సిలిండర్లో నిజమైన ప్రెషర్ ఎక్కువ కాబట్టి నాక్ (పెట్రోలు మిశ్రమం అదుపు తప్పి పేలడం) మొదలవుతుంది, సెన్సర్ పట్టుకుని టైమింగ్ వెనక్కి లాగుతుంది. రోజూ నాక్ సెన్సర్ దయ మీద నడిచే బండి నాకు ఇష్టం లేదు.

బాక్స్ వైపు చెప్పాల్సినవీ ఉన్నాయి. పది నిమిషాల్లో ఊడదీయొచ్చు, ఈసీయూలో ఫ్లాష్ లెక్క (ఎన్నిసార్లు ప్రోగ్రామ్ రాశారన్న లెక్క) మారదు, బండి అమ్మేటప్పుడు తీసుకుని ఇంకోదానికి వాడుకోవచ్చు. మాన్యువల్ గేర్‌బాక్స్ కారైతే క్లచ్ ప్రెషర్ గురించి నేను పైన చెప్పినదంతా వర్తించదు. కొత్త కారు, వారంటీ నడుస్తోంది, మాన్యువల్ గేర్లు అంటే బాక్స్ గురించి ఆలోచించండి. డీఎస్‌జీ ఉంటే వద్దంటాను. డీఎస్‌జీతో వచ్చిన పోలో జీటీ టీఎస్ఐ వాళ్లకు మరీ గట్టిగా చెబుతాను. అందులోని డీక్యూ200 డ్రై క్లచ్ పరిమితే 250 ఎన్ఎం.

రీమ్యాప్‌లో బూస్ట్, టైమింగ్, పెట్రోలు, టార్క్ టేబుళ్లు అన్నీ కలిపి మారుస్తారు కాబట్టి ఈసీయూకి జరుగుతున్నది తెలుసు. సరిగ్గా చేస్తే గేర్‌బాక్స్‌కి నిజమైన అంకె వెళ్తుంది. "సరిగ్గా చేస్తే" అన్న మాట కావాలనే అన్నాను. డీక్యూ250 టీసీయూలో సొంత టార్క్ లిమిట్ ఉంటుంది, అంకె అది దాటితే ఇంజిన్‌ని తగ్గించమంటుంది. దాన్ని తప్పించుకోవడానికి కొందరు ట్యూనర్లు పంపే అంకెనే తక్కువ చేసి రాస్తారు. అప్పుడు రీమ్యాప్ కూడా బాక్స్ చేసిన పనే చేస్తుంది. డబ్బు కట్టే ముందు ఒక్క ప్రశ్న అడగండి: ఫుల్ థ్రాటిల్‌లో గేర్‌బాక్స్‌కి వెళ్లే టార్క్ లాగ్‌లో (బండి నడుస్తుండగా తీసిన రికార్డులో) ఎంత కనిపిస్తుంది? జవాబు తడబడితే లేచి వచ్చేయండి. ఈసీయూతో పాటు టీసీయూని కూడా ఫ్లాష్ చేయించడం ఉత్తమం. అంత బడ్జెట్ లేదంటే 400 ఎన్ఎం దాటని మ్యాప్ అడగండి. 2000 ఆర్పీఎం దగ్గరే టార్క్ అంతా కుమ్మరించే మ్యాప్ వద్దు. డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో ఇంజిన్లలో తక్కువ ఆర్పీఎం, ఎక్కువ లోడ్ కలిస్తే పిస్టన్లను పగలగొట్టే ప్రీ ఇగ్నిషన్ (స్పార్క్ పడకముందే పెట్రోలు అంటుకోవడం) వచ్చే ప్రమాదం ఉంది.

పెట్రోలు విషయంలో మ్యాప్ మన దారులకు తగ్గట్టు ఉండాలి. 100 ఆక్టేన్ పెట్రోలు ఎక్స్‌పీ100 హైదరాబాద్ లాంటి నగరాల్లో కొన్ని బంకుల్లో దొరుకుతుంది, శ్రీశైలం దారిలో దొరుకుతుందన్న భరోసా లేదు. ఇప్పటి ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలు ఆక్టేన్ 95 అని ప్రభుత్వం చెబుతోంది గానీ ఇథనాల్‌లో లీటరుకు శక్తి తక్కువ, ఫుల్ లోడ్‌లో ఇంజెక్టర్లు ఎక్కువ పోయాలి. కాబట్టి మ్యాప్ 95కే రాయించుకోండి. 100 పోసిన రోజున నాక్‌కి ఇంకాస్త దూరంగా ఉంటుంది, అంతే చాలు.

ప్రోగ్రామ్ చేసిన రెండో ఈసీయూ పెట్టుకోవడం డ్రైవింగ్‌లో రీమ్యాప్ లాంటిదే. లాభమల్లా అసలు ఈసీయూని ఎవరూ ముట్టుకోకుండా బీరువాలో దాచుకోవడం. 500 కార్లలో ఒకటి మీ దగ్గర ఉంది కాబట్టి ఈ ఆశ నాకు అర్థమవుతుంది. కానీ ఇమ్మొబిలైజర్ (సరైన తాళం లేకుండా బండిని స్టార్ట్ కానివ్వని రక్షణ) డేటాతో సహా క్లోన్ చేయాలి, అందులో తేడా వస్తే బండి స్టార్టే అవ్వదు. డబ్బా తెరిచి చదివిన యూనిట్‌ని మళ్లీ సరిగ్గా సీల్ చేయకపోతే వానాకాలంలో తేమ చేరుతుంది. ఒరిజినల్ ఫైలు మీ చేతికిచ్చే ట్యూనర్ ఉంటే దీని అవసరం నాకు కనబడదు.

పెడల్ బాక్స్ పవర్ పెంచదు, పెడల్ స్పందన మాత్రమే మారుస్తుంది. కంపెనీ ఈసీయూ స్థానంలో పూర్తిగా వేరేది పెట్టే స్టాండలోన్ ఈసీయూ ట్రాక్ కార్లకు సరే, డీఎస్‌జీ ఉన్న రోడ్డు కారుకు తలనొప్పి.

చట్టం మాట కూడా తెలిసే దిగండి. కంపెనీ స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అంటోంది, 2019లో సుప్రీంకోర్టు దాన్నే గట్టిగా చెప్పింది. ఇన్సూరెన్స్ క్లెయిమ్ చిక్కుల్లో పడొచ్చు. పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని, దాని సెన్సర్‌నీ ఎత్తేసే మ్యాప్ మాత్రం ఏ ధరకూ వద్దు.

2020లో 200 మాత్రమే వచ్చిన ఆర్ఎస్ 245కి కూడా నా ఎంపిక సరిగ్గా చేసిన రీమ్యాపే. దాని ఏడు గేర్ల డీక్యూ381 కూడా వెట్ క్లచ్చే, కంపెనీ నుంచే 370 ఎన్ఎం మోస్తోంది. ఏ కారైనా ట్యూనర్ దగ్గరకు వెళ్లే ముందు సర్వీస్ బిల్లులు తిరగేయండి. డీక్యూ250కి 60,000 కిలోమీటర్లకోసారి ఆయిల్, ఫిల్టర్ మారాలి. మార్చినట్టు కాగితం లేకపోతే ముందు ఆ పని చేయించండి, కొత్త స్పార్క్ ప్లగ్‌లు వేయించండి, స్టాక్ మ్యాప్ మీదే ఒక లాగ్ తీయించి దాచుకోండి. ఫ్లాష్ చేస్తున్నంతసేపూ బ్యాటరీకి చార్జర్ తగిలించే ఉంచమనండి.