బ్రాడీపేటలో మా ఫ్యామిలీ డాక్టరుగారి క్లినిక్: వారిచ్చేదీ, మననుంచి కోరేదీ

గుంటూరులో డాక్టర్లకు కొదవ లేదు. కొత్తపేటలో అడుగడుగునా నర్సింగ్ హోములున్నాయి, బ్రాడీపేట, అరండల్‌పేట లైన్లలో స్పెషలిస్టుల బోర్డులు వరసగా కనిపిస్తాయి, అందరికీ ఆసరాగా ప్రభుత్వ పెద్దాసుపత్రి జీజీహెచ్ ఉండనే ఉంది. దొరకడం కష్టమైనదల్లా జ్వరానికో షుగరుకో ముందుగా వెళ్లి చూపించుకోదగిన, ఇంటిల్లిపాదినీ ఎరిగిన జనరల్ ఫిజీషియన్. బ్రాడీపేటలో ఒక అడ్డరోడ్డు మీద నడుస్తున్న ఈ క్లినిక్‌కు మా కుటుంబం కొన్నేళ్లుగా వెళుతోంది. ప్రచారం డాక్టరుగారికి ఇష్టం లేనందున పేరు రాయడం లేదు.

టోకెన్లు రాసే బల్ల వెనుక గోడకు రెండు బోర్డులున్నాయి. మొదటిదాని మీద డాక్టరుగారి డిగ్రీలు, వైద్య మండలి రిజిస్ట్రేషన్ నంబరు, ఓపీ వేళలు, ఫీజు 300 రూపాయలనీ, అదే జబ్బుకు 7 రోజుల లోపల మళ్లీ వస్తే ఫీజు ఉండదనీ రాసి ఉంటుంది. రిజిస్ట్రేషన్ నంబరునూ ఫీజునూ రోగికి కనబడేలా పెట్టాలని 2002 నాటి వైద్య వృత్తి నియమావళిలోనే ఉంది. అయినా ఫీజు ఎంతో కౌంటరు దగ్గర అడిగి తెలుసుకోవలసిన చోట్లే నేను ఎక్కువగా చూశాను. రెండో బోర్డు రోగులను ఉద్దేశించినది. జబ్బు సంగతి దాచవద్దనీ, వాడుతున్న మందులన్నీ వెంట తేవాలనీ, ఒక టోకెనుపై ఒకరినే చూస్తామనీ, రాలేకపోతే ఫోన్ చేసి చెప్పమనీ, సిబ్బందితో మర్యాదగా మాట్లాడమనీ అందులో ఉంటుంది. మొదటి బోర్డు ఉన్న క్లినిక్కులు కొన్నయినా ఉన్నాయి. రెండూ పక్కపక్కన పెట్టి, రెండింటినీ పట్టుదలగా పాటించే చోటు కాబట్టే దీని గురించి రాయాలనిపించింది.

చీటీ రాసే పద్ధతి మెచ్చుకోదగినది. మందుల జెనరిక్ పేర్లను, అంటే కంపెనీ పెట్టిన పేరు కాక మందు అసలు పేరును, స్పష్టంగా, వీలైనంతవరకు పెద్దక్షరాల్లో రాయాలని 2016లో ఆ నియమావళిని సవరించారు. ఇక్కడ మందు పేరు ఇంగ్లీషు పెద్దక్షరాల్లో, దాని కింద పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అని తెలుగులో, అన్నానికి ముందా తరువాతా అన్నదీ, ఎన్ని రోజులన్నదీ రాసిస్తారు. ఆ చీటీని జెనరిక్ మందులు అమ్మే జన ఔషధి దుకాణానికి తీసుకెళ్లినా ఇబ్బంది ఉండదు. ఫలానా మెడికల్ షాపులోనే కొనాలనీ, ఫలానా ల్యాబ్‌లోనే పరీక్ష చేయించాలనీ మాకు ఒక్కసారి కూడా చెప్పలేదు.

వానాకాలంలో జ్వరాలు మొదలైనప్పుడు ఈ క్లినిక్ విలువ బాగా తెలుస్తుంది. పల్లెల నుంచి వచ్చినవారూ, మిర్చి యార్డులో బస్తాలు మోసే హమాలీలూ, ఒక రోజు కూలీ పోతుందన్న దిగులుతో, "ఒక సెలైన్ పెట్టండి సార్, రేపు పనిలోకి పోవాలి" అని అడుగుతారు. అందులో వారి తప్పు లేదు. అడిగిందే తడవుగా సెలైన్ ఎక్కించే చోట్లు చూసి వచ్చినవారు వారు. డాక్టరుగారు విసుక్కోకుండా, నోటితో నీళ్లు తాగి నిలుపుకోగలిగినవారికి సెలైన్ వల్ల వేరే మేలు ఉండదనీ, వైరస్ జ్వరం మీద యాంటీబయాటిక్ పనిచేయదనీ చెప్పి, ఏ లక్షణం కనిపిస్తే ఆగకుండా రావాలో చీటీ వెనుక రాసిస్తారు. ఇక్కడే రోగి బాధ్యత కూడా మొదలవుతుంది. సెఫిక్సిమ్ వంటి యాంటీబయాటిక్కులు 2014 మార్చి నుంచి హెచ్1 షెడ్యూలు కింద ఉన్నాయి. వాటిని చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినప్పుడు డాక్టరు పేరూ రోగి పేరూ రిజిస్టరులో రాసి 3 ఏళ్లు ఉంచాలి. డాక్టరు వద్దన్న మందును షాపులో బతిమాలి కొనుక్కుంటే, ఇచ్చిన ఫీజుకూ విన్న సలహాకూ అర్థం ఉండదు.

మా అత్తగారికి మందులు వాడుతున్నా బీపీ అదుపులోకి రాలేదు. మోతాదు పెంచే ముందు డాక్టరుగారు, "అమ్మా, మోకాళ్ల నొప్పులకు షాపులో ఏమైనా బిళ్లలు తెచ్చుకుంటున్నారా?" అని అడిగారు. "ఎప్పుడన్నా ఒకటి వేసుకుంటానండీ" అన్నారావిడ. ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకుని రమ్మన్నారు. తీరా చూస్తే ఆవిడ డైక్లోఫెనాక్ రోజూ వేసుకుంటున్నారు. ఆ రకం నొప్పి మాత్రలు రక్తపోటును పెంచుతాయి, ఎక్కువ కాలం వాడితే మూత్రపిండాలకు చేటు. దాన్ని మానిపించి, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించి, నొప్పికి వేరే దారి చూపించారు; బీపీ మందు పెంచనక్కరలేకపోయింది. అడిగే ఓపిక ఆయనకు ఉండటం ఎంత అవసరమో, ఆర్ఎంపీ ఇచ్చినదైనా ఆయుర్వేదమైనా దాచకుండా చెప్పడం మనకూ అంతే అవసరం.

కాదనవలసినచోట ఆయన గట్టిగానే కాదంటారు. ఒక టోకెను తీసుకుని, లోపలికి వెళ్లాక "పనిలో పనిగా మా అబ్బాయిని కూడా చూడండి" అంటే, బయట కూర్చున్నవారి సమయం అది అని చెప్పి మరో టోకెను తీసుకోమంటారు. సెలవు కోసం వెనక తేదీతో మెడికల్ సర్టిఫికెట్ అడిగినవారికి ఇవ్వరు. అబద్ధపు సర్టిఫికెట్ మీద సంతకం చేయడం డాక్టరు రిజిస్ట్రేషన్‌కే ముప్పు తెచ్చే నేరం. టోకెన్లు రాసే అమ్మాయి మీద ఒకాయన కేకలు వేసినప్పుడు డాక్టరుగారు స్వయంగా బయటికి వచ్చి, ఆమెకు క్షమాపణ చెప్పాకే లోపలికి రమ్మన్నారు. వైద్య సిబ్బందిపై దాడులను నాన్‌బెయిలబుల్ నేరంగా చేసిన చట్టం మన రాష్ట్రంలో 2008 నుంచే ఉన్నా, సంగతి అంతదాకా పోకుండా ఆపవలసింది ఇలాగే. అడిగిన ప్రతివారికీ వైద్యం చేసి తీరాలన్న నిర్బంధం డాక్టరుకు లేదు, అత్యవసరమైతే తప్ప. కానీ ఒకసారి కేసు చేపట్టాక నిర్లక్ష్యం చేయకూడదు, ముందుగా చెప్పకుండా వదిలేయకూడదు. స్పెషలిస్టు దగ్గరికో జీజీహెచ్‌కో పంపినప్పుడు ఆయన అప్పటిదాకా ఇచ్చిన మందులన్నీ ఉత్తరంలో రాసిచ్చి, తిరిగి వచ్చాక ఆ కాగితాలు చూపించమంటారు.

లోపాలూ చెప్పాలి. సాయంత్రం ఓపీలో టోకెను నంబరు తెలుస్తుంది గాని పిలుపు ఎప్పుడొస్తుందో తెలియదు. పనులు మానుకుని వచ్చినవారికి అది శిక్షే. వాకిట మెట్లకు పట్టుకోవడానికి కమ్మీ లేదు, మోకాళ్ల నొప్పులతో వచ్చే పెద్దవారే అక్కడ ఎక్కువ. అన్నిటికంటే నాకు బాధ కలిగించేది, డాక్టరుగారు ఊళ్లో లేని రోజున ఆ సంగతి తలుపుకు అంటించిన కాగితం మీద మాత్రమే ఉండటం. పెదకాకాని నుంచో తెనాలి నుంచో బస్సెక్కి వచ్చినవారు ఆ కాగితం చదువుకుని వెనుదిరుగుతున్నారు. రాలేకపోతే ఫోన్ చేయమని రోగిని అడిగే క్లినిక్, తాను ఉండని రోజున రోగికి ఫోన్ చేయాలి. టోకెను పుస్తకంలో అందరి నంబర్లూ రాసుకుంటున్నారు కాబట్టి ఇది చేయలేని పనేమీ కాదు. ఈ మాట టోకెన్ల బల్ల దగ్గర చెప్పాను, రాసుకున్నారు. ఇంకా అమలులోకి రాలేదు.

కొత్తగా వెళ్లదలచినవారు పాత చీటీలు, ల్యాబ్ రిపోర్టులు, వాడుతున్న మందుల స్ట్రిప్పులు వెంట తీసుకెళ్లండి. ఉదయం ఓపీలో జనం తక్కువ. ఆదివారం సెలవు. రాత్రిపూట చూడరు, గుండెనొప్పి, ఆయాసం, మూతి వంకర పోవడం వంటివి కనిపిస్తే తమ కోసం ఆగకుండా 108కి ఫోన్ చేయమని తలుపు మీదే రాసి పెట్టారు.