మా తరగతి తాబేలు నిదానం దేశాలు తిరిగిన తీరు: చోట్లు, బసలు, పంపే దారులు

మా తరగతి గుడ్డ తాబేలుకి పిల్లలు పెట్టిన పేరు నిదానం. చిన్న నోటుపుస్తకంతో పాటు అది ఒక దేశం నుంచి ఇంకో దేశానికి వెళ్తుంది, దాన్ని ఉంచుకున్నవాళ్లు ఫొటోలు, ఉత్తరాలు పంపుతారు. పద్ధతి కొత్తదేమీ కాదు. కెనడాలో డేల్ హ్యూబర్ట్ అనే టీచరు 1995లోనే కాగితం బొమ్మలతో ఇలాంటి ప్రాజెక్టు మొదలుపెట్టారు. కాగితం బొమ్మ కవరులో సరిపోతుంది, ఖర్చు తక్కువ. అయినా గుడ్డ బొమ్మ తిరిగొచ్చినప్పుడు పిల్లలు దాన్ని వాసన చూసి, ఒళ్లంతా తడిమి, "ఇక్కడ కొత్తగా మరక పడింది" అని కనిపెట్టే సంబరం కాగితంతో రాదు. అందుకే కాస్త బరువైనా నా ఓటు గుడ్డ బొమ్మకే.

అన్ని మజిలీల్లో మాకు ఎక్కువ దక్కింది లండన్ దగ్గరి ఒక స్కూలు తరగతి నుంచి. వాళ్ల టీచరు నిదానాన్ని గ్రీనిచ్ రాయల్ అబ్జర్వేటరీకి తీసుకెళ్లారు. లోపలి ఆవరణలో నేల మీద సున్నా డిగ్రీల రేఖాంశాన్ని చూపే గీత ఉంటుంది. అక్కడికి వెళ్లాలంటే టికెట్ కొనాలి, ఫొటోలకి వరసలో నిలబడాలి. వాళ్లు తాబేలుని గీతకి అడ్డంగా పడుకోబెట్టి, పక్కన ఫోన్ పెట్టి ఫొటో తీశారు. ఫోన్‌లో రేఖాంశం సున్నా చూపించడం లేదు! "ఎందుకో చెప్పండి" అని రాసి, జవాబు రాయకుండా ఉత్తరం ముగించారు.

మా పిల్లలు వారమంతా దాని మీదే పడ్డారు. ఫోన్ చూపే సున్నా రేఖ ఆ గీతకి తూర్పున సుమారు 102 మీటర్ల దూరంలో, పార్కులో ఉంటుంది. 1884లో పాతిక దేశాలు కూర్చున్న సమావేశంలో ఎక్కువ దేశాలు ఒప్పుకున్నది అక్కడి టెలిస్కోపు ఉన్న చోటుని. ఆ టెలిస్కోపుకి నిట్టనిలువు ఏదో తేల్చింది ఆ చోటి గురుత్వాకర్షణ. భూమి లోపల బరువు అంతటా ఒకేలా పరచుకుని లేదు కాబట్టి ఆ నిట్టనిలువు కొంచెం ఒరుగుతుంది. ఫోన్ వాడే ఉపగ్రహాల లెక్క భూమి కేంద్రం నుంచి మొదలవుతుంది. రెండూ కలవకపోవడంలో ఎవరి తప్పూ లేదు. నాలుగో తరగతి పిల్లలకి ఇదంతా ఎక్కుతుందా అని అనుమానపడే పెద్దలకి నేను ఆ ఫొటోనే చూపిస్తాను.

ఆ ప్రశ్నని నోటుపుస్తకంలో అంటించి నిదానాన్ని ఈక్వడార్ పంపాం. క్విటో దగ్గర మితాద్ దెల్ ముందో అనే చోట 30 మీటర్ల స్మారకం, నేల మీద భూమధ్యరేఖ అని పసుపు గీత ఉన్నాయి. అక్కడ మాకు తెలిసినవాళ్ల కుటుంబం, మా పిల్లలు అడిగారని, ఫోన్ పట్టుకుని ఉత్తరం వైపు నడుచుకుంటూ పోయింది. అసలు రేఖ సుమారు 240 మీటర్ల అవతల తగిలింది. స్మారకం దగ్గర సందడి బాగుంటుంది, ఫొటోలు బాగా వస్తాయి. కానీ మా గోడ మీద పెద్దగా అతికించింది మాత్రం రోడ్డు పక్కన ఫోన్ సున్నా చూపిస్తున్న మామూలు ఫొటోనే.

ఫిన్లాండ్‌లోని రోవనియెమి మజిలీ చిన్నది. ఆర్కిటిక్ వలయం గీత మీద ఒక ఫొటో, శాంతాక్లాజ్ పోస్టాఫీసు ముద్ర వేసిన కార్డు, అంతే. ఆ పోస్టాఫీసు ఏడాది పొడవునా తెరిచి ఉంటుంది కాబట్టి డిసెంబరు రద్దీలో పంపాల్సిన పని లేదు. ఆ వలయం కూడా భూమి అక్షం వంపు మారుతుండటం వల్ల ఏటా సుమారు 14.5 మీటర్లు ఉత్తరానికి జరుగుతోందని పిల్లలే వెతికి పట్టుకున్నారు.

బొలీవియాలోని ఉయుని ఉప్పు మైదానం ఫొటోలకి తిరుగులేని చోటు. పది వేల చదరపు కిలోమీటర్లకి పైగా తెల్లటి చదును. దూరం అంచనా వేయడానికి చెట్టూ పుట్టా ఏమీ ఉండవు. తాబేలుని కెమెరా ముందు పెట్టి మనుషుల్ని దూరంగా నిలబెడితే, ఏనుగంత తాబేలు మీద నలుగురు ఎక్కి కూర్చున్నట్టు వస్తుంది. ఇలాంటి ఫొటోలకి నేల పొడిగా ఉండే నెలలు మేలు. ఉప్పు మాత్రం గుడ్డలో దూరి చెమ్మ పట్టిస్తుంది, పొడిగా ఉన్నప్పుడే బ్రష్‌తో దులిపి తర్వాత ఉతకాలి. ఫొటోలు అంత బాగున్నా, తీసుకెళ్లిన పర్యాటకులు ఉత్తరం రెండు ముక్కల్లో ముగించారు. పిల్లలు అడగడానికి ఏమీ మిగల్లేదు.

బస విషయంలో నా మొదటి ఎంపిక ఇంకో తరగతి. రోజుకొక పిల్లవాడు ఇంటికి తీసుకెళ్తాడు, డైరీ నిండుతుంది, ప్రశ్నలకి జవాబులొస్తాయి. ముందే చూసుకోవాల్సింది సెలవులు. ఉత్తరార్ధగోళంలో చాలా దేశాల్లో జూన్ తర్వాత బడులు మూసేస్తారు, ఆస్ట్రేలియా లాంటి చోట్ల పెద్ద సెలవులు డిసెంబరు, జనవరిలో వస్తాయి. ఒక బడిలో మా నిదానం సెలవులన్నీ తాళం వేసిన అల్మారాలో గడిపింది. మా పిల్లలకి ఎంత టెన్షనో! తెలిసిన కుటుంబం ఇల్లు రెండో ఎంపిక. హోటళ్ల విషయం అక్కడి సిబ్బంది మనసుని బట్టి ఉంటుంది. 2012లో ఫ్లోరిడాలోని అమీలియా ఐలాండ్ రిట్జ్ కార్ల్‌టన్‌లో ఒక పిల్లవాడి జిరాఫీ బొమ్మ ఉండిపోతే, సిబ్బంది దానికి ఈతకొలను పక్కన కుర్చీ వేసి ఫొటోలు తీసి మరీ పంపారు. అంత శ్రద్ధని అన్ని చోట్లా ఆశించలేం. బొమ్మల్ని మాత్రమే యాత్రలకి తిప్పే ఉనాగి ట్రావెల్ అనే సంస్థ టోక్యోలో ఉంది. కదల్లేని స్థితిలో ఉన్న మనిషి తన బొమ్మని అలా పంపుకోవడం నాకు ఎంతో నచ్చే ఆలోచన. తరగతికి మాత్రం అవతల ఇంకో తరగతి ఉంటేనే బాగుంటుంది.

ఇక పంపే దారులు. మనకి తెలిసినవాళ్లు చేతి సంచిలో తీసుకెళ్తే అంతకు మించింది లేదు. చెక్-ఇన్ సామానులో మాత్రం వేయనివ్వకండి. తర్వాతి స్థానం ట్రాకింగ్ ఉన్న పోస్టుది. ప్యాకెట్ మీద అంటించే సీఎన్22 కస్టమ్స్ చీటీలో "వాడిన గుడ్డ బొమ్మ, లోపల పాలియెస్టర్, బడి ప్రాజెక్టు" అని స్పష్టంగా రాసి, నిజమైన చిన్న విలువ వేయాలి. కొరియర్ త్వరగా చేరుతుంది గానీ, ఒకసారి కొరియర్ వాళ్ల మనిషి మమ్మల్ని అడక్కుండా కొత్త బొమ్మ అని రాసి విలువ పెంచేశాడు. అవతలి టీచరు సొంత డబ్బు కట్టి విడిపించుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత నేను కొరియర్ జోలికి పోలేదు. పిల్లల పేర్లు, ఫొటోలు బొమ్మకి కట్టొద్దు. బడి చిరునామా ఉన్న చీటీ చాలు.

బొమ్మ లోపల ఏముందో కూడా చూడాలి. గింజలు, గడ్డి లాంటివి కూరిన బొమ్మల్ని ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ లాంటి దేశాల తనిఖీలో ముందే చెప్పాలి, లేదంటే ఆపేస్తారు. నిదానం పాదాల్లో బరువు కోసం ఏవో గింజలు పోశారు. కుట్లు విప్పి అవి తీసేసి ప్లాస్టిక్ పూసలు నింపాం, అడుగున మట్టి లేకుండా ఉతికాం.

ఈసారి పిల్లలు ఫిజీలోని తవేయుని దీవి కోరుకున్నారు. 180 డిగ్రీల రేఖాంశం ఆ దీవి మీదుగా పోతుంది, గుర్తుగా అక్కడ బోర్డు ఉంది. దేశమంతటికీ ఒకే తేదీ ఉండాలని తేదీ మారే రేఖని మాత్రం తూర్పుకి వంచారు. అక్కడి బడి ఏదైనా ఒప్పుకుంటే, బడులు తెరిచాక చేరేలా పంపుతాం. ఫోన్ తీసుకుని బోర్డు దగ్గరికి వెళ్లమనే ఉత్తరం ఇప్పటికే రాసి పెట్టారు.