బండి వైరింగ్‌కి మల్టీమీటర్: చాలాకాలం వాడాక నా మాట

ఓల్టేజీ, వైర్లు కొలిచి చూసే మీటరు మల్టీమీటర్. అది కొనేవాళ్లు డిస్‌ప్లే ఎంత పెద్దది, రేంజ్‌లు ఎన్ని అని చూస్తారు. బండి పనికే కొనేట్టయితే ముందు దాని కూత వినండి అంటాను నేను. కంటిన్యూటీలో, అంటే వైరు తెగిందా లేదా చూసే సెట్టింగులో పెట్టి, రెండు ప్రోబ్‌లూ (మీటరు వైర్ల చివరి సూదులు) ఒకదానికొకటి తాకిస్తే ‘కీ’మంటుందే, ఆ కూత. బ్యాటరీ ఓల్టేజీ చూడటం అందరికీ తెలిసిందే, దాని జోలికి పోను.

నా పాత కార్బ్యురేటర్ బండికి ఓ జబ్బు పట్టుకుంది. హ్యాండిల్ ఎడమకి పూర్తిగా తిప్పితే ఒక్కోసారి టప్పున ఆగిపోయేది. తిన్నగా పెట్టి సెల్ఫ్ కొడితే ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేది. మెకానిక్ దగ్గర మాత్రం ఎంతసేపు నడిపినా ఆగదు! ప్లగ్ మార్చారు, కార్బ్యురేటర్ విప్పి కడిగారు, చివరికి ప్లగ్‌కి నిప్పురవ్వ అందించే సీడీఐ పెట్టె మార్చేద్దాం అన్నారు. అక్కడ ఒప్పుకోక ఇంటికి తెచ్చేశాను.

ఇగ్నిషన్ స్విచ్ హ్యాండిల్‌తోపాటే తిరుగుతుంది. దాని కనెక్టర్ మాత్రం ఫ్రేము దగ్గరే ఉండిపోతుంది. మధ్యలో ఉన్న జానెడు వైరు తిప్పినప్పుడల్లా వంగుతూనే ఉంటుంది. కనెక్టర్ ఊడదీసి, స్విచ్ వైపు పిన్నులు రెండింటికీ మీటరు క్లిప్పులు తగిలించి తాళం ఆన్ చేశాను. కూత వచ్చింది. హ్యాండిల్ కుడికి తిప్పితే కూత అలాగే ఉంది. ఎడమకి తిప్పుతుంటే చివర్లో గొంతులో ముల్లు అడ్డుపడ్డట్టు గరగరలాడి ఆగిపోయింది. హ్యాండిల్ తిన్నగా పెట్టి తాళంచెవిని అటూ ఇటూ ఆడించినా కూత చెదరలేదు. అంటే స్విచ్ నిక్షేపం, రోగం వైరుదే.

ఇక అక్కణ్ణుంచి వైరుని వేళ్లతో నొక్కుకుంటూ పోవడమే. జిప్ టై బిగించి కట్టిన చోట నొక్కగానే కూత తెగింది. పై తొడుగు మీద గీత కూడా లేదు, కోసి చూస్తే లోపల రాగి పోగులు నల్లబడి తెగి ఉన్నాయి. ఆ ముక్క తీసేసి కొత్త వైరు అతికి, టంకం పెట్టి, వేడికి ముడుచుకుని పట్టేసే ష్రింక్ ట్యూబ్ తొడిగి, ఈసారి కాస్త వదులుగా కట్టాను. ఆ జబ్బు మళ్లీ కనిపించలేదు.

ఇదే పని డిస్‌ప్లే చూస్తూ చేయలేం. ఒక చెయ్యి హ్యాండిల్ మీద, ఇంకోటి వైరు మీద, కళ్లు టార్చి వెలుగులో ఉంటాయి. పైగా మామూలు మీటర్లలో అంకె సెకనుకి రెండు మూడు సార్లే మారుతుంది, కనురెప్పపాటు తెగి అతుక్కుంటే అందులో పడదు. కొన్నిటిలో కూత కూడా ఆలస్యంగా వస్తుంది. అందుకే కొనేముందు ప్రోబ్‌లు టకటకా తాకించి చూడండి. తాకిన ప్రతిసారీ పలకాలి.

అయితే కూతనే నమ్ముకుని కూర్చుంటే కుదరదని తర్వాత హెడ్‌లైటు చెప్పింది. లైటు మసగ్గా వెలుగుతోంది. ఎర్త్ వైరు, అంటే కరెంటు బ్యాటరీ నెగెటివ్‌కి తిరిగెళ్లే దారి, చూస్తే శుభ్రంగా కూసింది. చాలా మీటర్లు దారిలో పది ఇరవై ఓమ్‌ల అడ్డు (రెసిస్టెన్స్) ఉన్నా కూస్తాయి. 55 వాట్ల బల్బుకి దాదాపు నాలుగున్నర ఆంపియర్లు కావాలి, దారిలో పావు ఓమ్ అడ్డున్నా వోల్టుకి పైగా అక్కడే పోతుంది. ఒక్క పోగు మిగిలినా కూత వస్తుంది గానీ, లైటుకి ఆ పోగు చాలదు. లైటు వేసి ఉంచి, డీసీ ఓల్టేజీలో ఒక ప్రోబ్ బ్యాటరీ నెగెటివ్‌కి, ఇంకోటి బల్బు ఎర్త్ పిన్నుకి పెడితే ఒక వోల్టు పైనే చూపించింది. సున్నాకి దగ్గరగా ఉండాల్సిన చోట అంత! ఫ్రేముకి బిగించిన రింగ్ టెర్మినల్ కింద తుప్పు పట్టింది. గరుకు కాగితంతో రుద్ది బిగించాక వెలుగు తిరిగొచ్చింది.

ఇంకో చిరాకు మీటరు లోపలి 9 వోల్టుల బ్యాటరీది. అది నీరసిస్తే అంకెలు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి. బండి ఛార్జింగ్ 15 వోల్టులు దాటిందని, దాన్ని అదుపులో ఉంచే రెగ్యులేటర్ మీద అనుమానం పడ్డాను, మీటరులో బ్యాటరీ మార్చగానే 14.2కి దిగింది. డిస్‌ప్లేలో బ్యాటరీ అయిపోతోందనే గుర్తు వెలిగాక ఏ అంకెనీ నమ్మను.

కొనాలా అంటే, నాది వైరింగ్ ముసలిదైన బండి, విప్పి చూడటం నాకిష్టం కాబట్టి నాకు కిట్టింది. వారంటీలో ఉన్న ఇంజెక్షన్ బండి (కార్బ్యురేటర్ లేకుండా కంప్యూటరే పెట్రోలు అందించేది) వాళ్లకి బ్యాటరీ, ఫ్యూజులు చూసుకోవడానికి మించి పని పడకపోవచ్చు. వాళ్లు ఆ కంప్యూటర్, అదే కంట్రోల్ యూనిట్, కనెక్టర్‌లోకి ముందు నుంచి ప్రోబ్ గుచ్చకపోతే మంచిది, పిన్ను సందు వెడల్పయితే అదే కొత్త లూజ్ కాంటాక్ట్ అవుతుంది.