పల్లేరు కాయల కాలంలో జీపీ 5000 ఎస్ టీఆర్

హైదరాబాద్ చుట్టుపక్కల సైకిల్ రేసులు ఊపందుకునేది వానలు వెనకపట్టాక, దసరా దీపావళి రోజుల్లో. పల్లేరు కాయలు ఎండి రాలిపడేదీ సరిగ్గా అప్పుడే. నాలుగు నెలల వానకు కొట్టుకొచ్చిన ఇసుక, గాజు పెంకులు, సర్కారు తుమ్మ ముళ్ళు తారు అంచున పోగుపడి ఉంటాయి. గుంపులో పోయేటప్పుడు ఆ అంచు తప్పించుకోవడం మన చేతుల్లో ఉండదు. పక్కవాడు నెట్టిన చోటికే చక్రం పోతుంది. కాంటినెంటల్ కంపెనీ రోడ్డు సైకిల్ టైరు గ్రాండ్ ప్రి (జీపీ) 5000 ఎస్ టీఆర్ మంచిదేనని అందరూ చెబుతారు. మనకు కావలసింది, ఇలాంటి రోడ్డు మీద అది సీజన్ తొలి రేసు దాటిస్తుందా అన్నది.

సీజన్ మధ్యలో పంక్చరైతే ఒక నష్టం, మొదట్లో అయితే ఇంకో నష్టం. గుంపు గంటకు 36 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకోండి. రెండు నిమిషాలు ఆగితే 1.2 కిలోమీటర్లు వెనకబడినట్టు. ఒంటరిగా గాలికి ఎదురు తొక్కుతూ 38 పట్టినా ఆ దూరం పూడ్చడానికి 36 నిమిషాలు కావాలి. వానాకాలమంతా ఇంట్లో సైకిలును కదలకుండా బిగించే ట్రైనర్ మీద తొక్కిన కాళ్ళకు అక్టోబరులో అంత దమ్ము ఉండదు. స్థానిక రేసుల్లో వెనక స్పేర్ చక్రాలతో కారు వస్తుందన్న ఆశా పెట్టుకోకూడదు. అందుకని తొలి రేసుల్లో తొక్కే శక్తిలో టైరు ఎన్ని వాట్లు మిగిలిస్తుందన్న లెక్క కంటే ఆగకుండా చివరిదాకా తీసుకుపోతుందా అన్న లెక్కే పెద్దది.

జీపీ 5000 మొదట 2018లో వచ్చింది. అప్పటి ట్యూబ్‌లెస్ రకం, టీఎల్, రిమ్ము మీదికి ఎక్కించడానికి బొటనవేళ్ళు పణంగా పెట్టాల్సి వచ్చేది. 2021లో దాని స్థానంలో వచ్చినదే ఎస్ టీఆర్. 28 మిల్లీమీటర్ల టైరు బరువు కంపెనీ లెక్కలో 280 గ్రాములు. టైరు అంచును (బీడ్‌ను) పట్టి ఉంచే కొక్కెం లాంటి వంపు లేని, అంటే హుక్ లేని, రిమ్ములకూ సరిపోతుంది. రబ్బరు మిశ్రమం పాత బ్లాక్‌చిల్లీయే. రోడ్డుకు ఆని నడిచే భాగం కింద వెక్‌ట్రాన్ దారాల పట్టీ ఉంటుంది, పక్కగోడల్లో మాత్రం ఉండదు. బరువు తగ్గించిందీ, బలహీనతను మిగిల్చిందీ ఆ పక్కగోడలే.

గాజు పెంకుకూ పల్లేరు ముల్లుకూ తేడా ఉంది. గాజు కోస్తుంది. కోతను వెక్‌ట్రాన్ నేత బాగా అడ్డుకుంటుంది, రబ్బరు మీద గాటు పడినా లోపలికి దిగదు. పల్లేరు ముల్లు పొడుస్తుంది. సూదిలా సన్నగా ఉండి దారాల మధ్య సందులోంచి దూరిపోతుంది. కాయ ఏ వైపు పడినా ఒక ముల్లు పైకే చూస్తుంది. కాబట్టి ఈ టైరు ముల్లును ఆపుతుందనుకుని కొంటే నిరాశే. ముల్లు దిగాక గాలి పోకుండా ఆపాల్సింది లోపల పోసే సీలెంట్, రంధ్రాన్ని మూసే ద్రవం. అసలు పరీక్ష దానిదే.

ఎక్కువమంది తప్పుచేసేది ఇక్కడే. లేటెక్స్ సీలెంట్ మన వేసవికి త్వరగా గడ్డకడుతుంది. ఏప్రిల్లో పోసినదాన్ని నమ్మి అక్టోబరులో రేసుకు పోతే లోపల ఉండేది ఎండిన రబ్బరు పొర, రెండు మూడు ఉండలు. చక్రం చెవి దగ్గర పెట్టి ఊపండి. గలగల చప్పుడు రాకపోతే అయిపోయినట్టే. రేసుకు వారం ముందు వాల్వులో మర తిప్పితే ఊడే కోర్ విప్పి, 28 మిల్లీమీటర్ల టైరుకు 30 నుంచి 40 మిల్లీలీటర్ల దాకా సిరంజితో పోయండి. సీసాను ముందు బాగా కుదపాలి. రంధ్రాన్ని మూసే రేణువులు అడుగున పేరుకుని ఉంటాయి. కార్బన్ డయాక్సైడ్ డబ్బాతో గాలి నింపితే కొన్ని లేటెక్స్ సీలెంట్లు అక్కడికక్కడే గడ్డకడతాయి. దారిలో అది వాడక తప్పకపోతే వాల్వును పైకి తిప్పి ఉంచి, ద్రవం అడుగుకు దిగాక కొట్టండి. ఇంటికొచ్చాక ఆ గాలి తీసేసి మామూలు పంపుతో నింపాలి.

ఎక్కించడం టీఎల్ అంత శిక్ష కాదు. టైరు మీద బాణం ఉంటుంది, చక్రం తిరిగే దిక్కుకు పెట్టండి. వాల్వుకు ఎదురుగా ఉన్న చోట మొదలుపెట్టి వాల్వు దగ్గర ముగించాలి. వాల్వు అడుగు భాగం రిమ్ము మధ్య గాడిని ఆక్రమిస్తుంది, అక్కడ బీడ్ లోపలికి దిగదు. మిగతా చుట్టంతా గాడిలోకి నొక్కుకుంటూ వస్తే ఆఖరి జానెడుకు కావలసినంత వదులు దొరుకుతుంది. సబ్బునీళ్ళు రాసి, కోర్ తీసేసి, గాలి ఒక్కసారిగా లోపలికి కొడితే టప్ టప్ మని బీడ్ కూర్చుంటుంది. కూర్చోకపోతే చాలాసార్లు తప్పు టైరుది కాదు, రిమ్ములోని రంధ్రాలను మూసే రిమ్ టేపుది. అంచులు ముడతపడిన టేపు మీద ఏ టైరూ నిలవదు.

ఇక గాలి. 70 కిలోల మనిషి, లోపలి వెడల్పు 21 మిల్లీమీటర్ల రిమ్ము, 28 టైరు అయితే ముందు 62, వెనక 66 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత)తో మొదలుపెట్టవచ్చు. రోడ్డు గరుకైతే రెండేసి తగ్గించండి. ఇంకా వంద కొట్టే అలవాటు మానని వాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ ఒత్తిడిలో టైరు ప్రతి కంకర రాయి మీదా ఎగిరిపడుతుంది, మలుపులో పట్టు వదులుతుంది, వేగం మాత్రం పెరగదు. హుక్ లేని రిమ్ము అయితే 73 పీఎస్ఐ, అంటే 5 బార్, దాటనే కూడదు. ఎంత బరువు మనిషైనా అది మినహాయింపు లేని హద్దు.

ఇక్కడ మన ఎండకు సంబంధించిన చిక్కు ఒకటి ఉంది, కంపెనీ పట్టికలో ఇది కనిపించదు. తెల్లవారుజామున 18 డిగ్రీల్లో 68 పీఎస్ఐ కొట్టి బయల్దేరారు. పదింటికి తారు వేడెక్కి టైరులోని గాలి 45 డిగ్రీలకు చేరితే ఒత్తిడి దాదాపు 75కు పోతుంది. హుక్ లేని రిమ్ము మీద హద్దు దాటేసినట్టే. కాబట్టి ఆలస్యంగా మొదలయ్యే రేసుకు పొద్దున అయిదు పీఎస్ఐ తక్కువ పెట్టండి, లేదా స్టార్ట్ లైన్ దగ్గర నీడలో మళ్ళీ కొలవండి. కొలిచేది కూడా ప్రతిసారీ ఒకే గేజితోనే. రెండు పంపుల గేజిలు ఒకే మాట చెప్పడం అరుదు.

పట్టు విషయంలో ఈ టైరుకు వంక పెట్టలేం. దుమ్ము పలచగా ఉన్న మలుపులో కూడా జారే ముందు కొంచెం హెచ్చరిస్తుంది. కానీ కొత్త టైరు మీద అచ్చు నుంచి వచ్చిన నునుపు పొర ఉంటుంది. అది అరిగేదాకా, కనీసం యాభై కిలోమీటర్లు, మలుపుల్లో నమ్మకండి. రేసు ముందురోజు రాత్రి కొత్త టైరు వేసుకోవడం మనవాళ్ళకు ఎందుకో సరదా. అక్టోబరు చినుకులకు తడిసిన తెల్లగీతల మీద, జీబ్రా పట్టీల మీద ఏ టైరూ రక్షించదు. వాటి మీద సైకిలును నిటారుగా ఉంచి దాటాలి.

పక్కగోడ కోసుకుపోతే సీలెంట్ పనిచేయదు. గుంత పక్కన పగిలిన గ్రానైటు కంకర, విరిగిన డివైడర్ అంచు ఈ పని తేలిగ్గా చేస్తాయి. జేబులో టూత్‌పేస్ట్ ట్యూబు ముక్క, రెండు వేళ్ళ వెడల్పున కత్తిరించి, ఉంచుకోండి. లోపల అడ్డుపెట్టి స్పేర్ ట్యూబు వేస్తే ఇంటిదాకా వస్తుంది. నడిచే భాగంలో పెద్ద రంధ్రం పడితే రోడ్డు సైకిళ్ళకు చేసిన సన్న ప్లగ్గే (రంధ్రంలో దూర్చే పట్టీ) వాడాలి. మోటార్ సైకిల్ పంక్చర్ షాపులో దొరికే లావు స్ట్రిప్ రంధ్రాన్ని పెద్దదిచేస్తుంది, కాసేపటికి ఊడి ఎగిరిపోతుంది.

ఇంత ఖర్చు అందరికీ తగదు. ఒకటే సైకిలు, ఒకటే జత చక్రాలు ఉన్నవాళ్ళు రోజువారీ సాధనకు కూడా దీన్నే తిప్పితే రేసు నాటికి గాట్లతో నిండిపోతుంది. వాళ్ళకు ఇదే జీపీ 5000లో 2023లో వచ్చిన అన్ని కాలాల రకం, ఏఎస్ టీఆర్, మేలు. కాస్త బరువు, కాస్త నెమ్మది, కానీ ముళ్ళకు మొండి. తొలి రెండు మూడు రేసులకు వెనక ఏఎస్, ముందు ఎస్ పెట్టుకోవడం మా దృష్టిలో తెలివైన బేరం. మనిషి బరువు ఎక్కువగా మోసేది, ఎక్కువ ముళ్ళు ఏరుకునేది వెనక చక్రమే. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరులో తెరిచిన 23 కిలోమీటర్ల ట్రాక్ మీద మాత్రమే తొక్కేవాళ్ళకు ఏఎస్ అవసరం లేదు. పైన సోలార్ కప్పు నీడ ఉంటుంది కనుక టైరు వేడెక్కడమూ తక్కువే. అయితే 4.5 మీటర్ల వెడల్పులో ఇటూ అటూ మనుషులు పోయే దారి అది, గుంపు స్ప్రింట్లకు పనికిరాదు.

ప్రతి రైడు తర్వాత తడిగుడ్డతో తుడిచి, రబ్బరులో ఇరుక్కున్న గాజు నలుసులను సూదితో తీసేయండి. ఇవాళ పైపైన ఉన్నది వచ్చే ఆదివారానికి లోపలికి దిగుతుంది. ముల్లు కనిపిస్తే ఇంట్లోనే లాగండి. లాగిన చోటును కిందికి తిప్పి నిమిషం ఉంచితే సీలెంట్ అక్కడికి చేరి మూసేస్తుంది. నడిచే భాగంలో అరుగుదల చూపే రెండు చిన్న గుంటలు ఉంటాయి. అవి కనబడకుండా పోతే టైరు పని అయిపోయింది. ముందుగా అరిగేది వెనకదే కనుక అది తీసేసినప్పుడు ముందు టైరును వెనక్కి మార్చి, కొత్తదాన్ని ముందు వేయండి. అరిగినదాన్ని ముందుకు తేవద్దు. వెనక చక్రం జారితే సర్దుకోవచ్చు, ముందుది జారితే భుజం నేలకు తగులుతుంది.